ఎక్కడికని అడగరాదు

పేరెందుకు గానీ, చాలా ఏళ్ళుగా అభివృద్ధి చెందుతూనే ఉన్న దేశం ఒకటుంది. ఆ దేశంలో రైలుబండ్లున్నాయి, పట్టాలున్నాయి, రెండింటికీ పెద్దగా పడదు. వంతెన ఎదురైతే డ్రైవరు బండి ఆపి, దిగి, వంతెనని కిందా మీదా చూసి, చెప్పులు విప్పి దండం పెట్టుకుని, అప్పుడెక్కి నడుపుతాడు. సిగ్నలు చెయ్యి గాలికి పడుతుంది, గాలికే లేస్తుంది. పది గంటల ప్రయాణానికి ఇరవై గంటల తిండి కట్టివ్వడం అక్కడి ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ దేశంలో ఓ మూల గొల్లమెట్ట రోడ్డు అనే స్టేషనుంది. గొల్లమెట్ట ఊరు అక్కడికి ఆరు మైళ్ళు. రోడ్డు పేరులో మాత్రమే ఉంది. ఆ స్టేషన్లో టిక్కెట్ల కిటికీ వెనకాల ఇరవై తొమ్మిదేళ్ళుగా కూర్చున్న మనిషి తవిటినాయుడు. ఆయన ఉద్యోగమంతా కలిపితే ఒక్కటే మాట: "ఎక్కడికి?" ఆ మాట ఆయన నాలుక మీద ఎంతగా పాతుకుపోయిందంటే, పెళ్ళిచూపుల్లో పిల్ల వచ్చి ఎదురుగా కూర్చోగానే నోరు జారి "ఎక్కడికి?" అనేశాడు. ఆ పిల్ల తలెత్తకుండా "మీ ఇంటికే" అంది. ఆవిడే భార్య సూరీడమ్మ.

అలాంటి మనిషి నోటికి తాళం పడే రోజొచ్చింది.

రైళ్ళెందుకు ఆలస్యమవుతున్నాయో తేల్చమని జాతీయ రైలు మండలి ఒక ఏకసభ్య సంఘాన్ని వేసింది. ఆ ఏక సభ్యుడు పరబ్రహ్మం గారనే విశ్రాంత ఉన్నతాధికారి. ఆయన రెండేళ్ళపాటు పదకొండు విదేశాలు తిరిగాడు. అక్కడ బండ్లు నిమిషం తేడా లేకుండా వస్తున్నాయి. మనకీ వాళ్ళకీ తేడా ఎక్కడుందా అని ఆలోచిస్తూ ఒక విదేశీ స్టేషన్లో టిక్కెట్టు కొనబోతే, అక్కడ కిటికీ లేదు, మనిషీ లేడు, యంత్రం ఉంది. ఆ యంత్రం ఆయన్ని "ఎక్కడికి?" అని అడగలేదు. పరబ్రహ్మం గారికి ఒళ్ళు జలదరించింది.

ఆయనకి వాళ్ళ నాయనమ్మ గుర్తొచ్చింది. ఊరికి బయల్దేరిన ఆవిణ్ణి వాకిట్లో ఎవరైనా "ఎక్కడికి?" అని అడిగారో, అడిగినవాణ్ణి నాలుగు చివాట్లు పెట్టి, వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగి, పది నిమిషాలు కూర్చుని, మళ్ళీ బయల్దేరేది. ఒక ముసలావిడకే పది నిమిషాల ఆలస్యం! మరి మన రైల్వే సిబ్బంది రోజుకి కోటిమందిని, సరిగ్గా బయల్దేరే వేళకి, ముఖం మీద పట్టుకుని "ఎక్కడికి?" అని అడుగుతున్నారే! కోటిని పదితో హెచ్చవేసి, వచ్చిన అంకె చూసి, ఈ లెక్కన దేశంలో ఏ బండీ అసలు కదలకూడదనీ, కదులుతున్నాయంటే అది మన సిబ్బంది దక్షత అనీ నివేదికలో రాశాడు. మండలి సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఉత్తర్వు గొల్లమెట్ట రోడ్డుకి పదకొండు రోజులు ఆలస్యంగా, ప్యాసింజరు బండిలో వచ్చింది. స్టేషను మాస్టరు కామేశం గారు మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడు. కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, ప్రయాణోన్ముఖుడైన వ్యక్తిని గమ్యము గూర్చి ప్రశ్నించుట అశుభమనియు, తద్ద్వారా జాతీయ కాలహరణము సంభవించుచున్నదనియు నిర్ధారణ అయినందున, అట్టి గమ్యప్రశ్నను తక్షణము నిషేధించడమైనది. అనివార్యమైనచో 'దూరమా?' అని చిరునవ్వుతో విచారించవచ్చును. చిరునవ్వు తప్పనిసరి."

"బాగుందండి," అన్నాడు తవిటినాయుడు. "మరి పట్టాలెప్పుడు మారుస్తారటండీ?"

"పట్టాల ఊసు ఇందులో లేదు నాయుడూ. చిరునవ్వుంది."

మొదటిరోజు కిటికీ ముందుకొచ్చినవాడు ఓ ముసలి రైతు.

"దూరమా?" అని నవ్వాడు తవిటినాయుడు. ఆయన నవ్వడం ఆ స్టేషన్లో ఎవరూ చూసి ఉండలేదు. రైతు ఒకడుగు వెనక్కేశాడు.

"దూరమేటి బావూ, దగ్గరే. మా బామ్మర్ది ఊరు."

"మీ బామ్మర్ది..." అని ఆగిపోయాడు తవిటినాయుడు. ఏ ఊరు అంటే గమ్యప్రశ్న. "మీ బామ్మర్ది బాగున్నాడా?"

"బాగానే ఉన్నాడు. మొన్ననే గేదె ఈనింది."

"శుభం. ఆ గేదె... అది ఉన్న చోటు..."

"పాకలోన ఉంటాది బావూ! ఇంకెక్కడుంటాది?"

ఆ ఒక్క టిక్కెట్టుకీ పావుగంట పట్టింది. కానీ జనం తెలివైనవాళ్ళు. రెండు రోజుల్లో సంగతి గ్రహించి, అడక్కుండానే ఊరిపేరు చెప్పడం మొదలుపెట్టారు. పక్షం రోజులు పని సాఫీగా సాగింది. పని సాఫీగా సాగుతోందని పై వాళ్ళకి తెలియడంతో తనిఖీ వచ్చింది.

తనిఖీకి వచ్చినాయన పేరు చక్రధరం, హోదా శుభప్రయాణ పర్యవేక్షణాధికారి. ఒకరోజంతా ప్లాట్‌ఫారం మీది స్తంభం చాటున నిలబడి కిటికీని గమనించి, సాయంత్రానికి కాగితం తీశాడు.

"మీరు నోటితో ఒక్కసారి కూడా అడగలేదు. అభినందనీయం. కానీ కనుబొమతో నలభై మూడుసార్లు అడిగారు."

"అది నా మొహమండీ," అన్నాడు తవిటినాయుడు.

"మీ మొహము విధి నిర్వహణలో ఉన్నంతసేపు మండలి ఆస్తి. కనుబొమ పైకెత్తుట గమ్యప్రశ్న కిందికే వస్తుంది. ఇంకొక విషయం. ప్రయాణికులు ఊరిపేరు చెబుతున్నారు. సమాధానము వచ్చినదంటే ప్రశ్న ఉన్నట్టే కదా! ఈ ప్రశ్న ఎవరిది?"

కనుబొమలు కనిపించకుండా వెడల్పాటి నల్లకళ్ళద్దాలు మంజూరు చేశారు. ఒకవైపు అద్దమే వచ్చింది. రెండోది వచ్చే బడ్జెట్టులో పంపుతామన్నారు. దాంతోపాటే రెండో ఉత్తర్వు: ప్రయాణికులెవరూ గమ్యం పేరు ఉచ్చరించరాదు.

జనం మళ్ళీ తెలివి ఉపయోగించారు. చెరుకుపాలెం వెళ్ళేవాళ్ళు బెల్లంముక్క తెచ్చి కిటికీలో పెట్టేవారు. జీడివలస వెళ్ళేవాళ్ళు జీడిపప్పు పెట్టేవారు. తవిటినాయుడు బెల్లం నోట్లో వేసుకుని టిక్కెట్టు కొట్టేవాడు. నెలరోజుల్లో ఆయన నడుము రెండంగుళాలు పెరిగింది. ఇబ్బందల్లా కాగితాలతో వచ్చేవాళ్ళతోనే. చంకలో కాగితాల కట్టతో వచ్చినాయనకి తవిటినాయుడు జిల్లాకోర్టున్న ఊరికి టిక్కెట్టిచ్చాడు. ఆ కట్టలో ఉన్నవి జాతకాలు, ఆయన వెళ్ళాల్సింది వియ్యాలవారింటికి. కోర్టులో ఆయన్ని ఏదో కేసులో సాక్షి అనుకుని బోనెక్కించారట. నాలుగు వాయిదాలకి తిరిగి, అలవాటుపడ్డాడు.

ఇలాంటి ఫిర్యాదులు పెరగడంతో మండలి సమస్యని మూలానికంటా తవ్వింది. మూడో ఉత్తర్వు వచ్చింది. అందులో పరబ్రహ్మం గారు ఒక మహత్తర సత్యం కనిపెట్టారు: ప్రయాణం చేసేది మనుషులొక్కరే కాదు, అందరికంటే ఎక్కువ ప్రయాణం చేసేది బండి. బండి ముఖాన గమ్యం రాసి పెట్టడం, ఫోనుల్లో బండి ఎక్కడుందని వాకబు చెయ్యడం, ఇవన్నీ బండిని "ఎక్కడికి?" అని నిలదీయడమే. "ఎక్కడ" అనే మాటలో "ఎక్కడికి" అనే మాట ముప్పాతికవంతు ఉంది గనక అది కూడా నిషిద్ధం. టిక్కెట్ల మీద ఊళ్ళ పేర్లు తీసేశారు. ఇకమీదట టిక్కెట్లు రెండే రకాలు, దూరం, దగ్గర. స్టేషను బోర్డులకి సున్నం కొట్టి, అన్నింటి మీదా "శుభం" అని రాయించారు.

గొల్లమెట్ట రోడ్డు దాటాక లింగాల జంక్షనుంది. అక్కడ దారి మూడుగా చీలుతుంది. ఒకటి రాజధానికి, ఒకటి మెరకవలసకి, నడిమిది ఉప్పుగల్లుకి. ఉప్పుగల్లులో ఉప్పుమడులు తప్ప ఏమీ లేవు. జంక్షన్ క్యాబిన్లో మూడు లీవర్లున్నాయి. ఏది లాగితే బండి ఆ దారిన పోతుంది. నడిమి లీవరు వెన్నలా కదులుతుంది. మిగతా రెండూ తుప్పుపట్టినవి, ఇద్దరు వేలాడితే గానీ కదలవు. గ్రీజు ఇప్పించమని క్యాబిన్ మనిషి తొమ్మిదేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు. మూడో ఉత్తర్వుతో అతని బాధ వదిలింది. ఏ బండి ఎక్కడికని అడక్కూడదు గనక, వచ్చిన ప్రతి బండికీ నడిమి లీవరే లాగి, కూర్చుని బీడీ కాల్చుకునేవాడు.

అలా నాలుగు నెలలు దేశమంతా ఉప్పుగల్లుకి వెళ్ళొచ్చింది.

ఒక సోమవారం పొద్దున తవిటినాయుడి కిటికీ ముందుకి రత్నాలు వచ్చింది. గొల్లమెట్టలో పెళ్ళిళ్ళకి వంట చేసే మనిషి. మూడేళ్ళు దరఖాస్తులు పెట్టగా పెట్టగా మెరకవలస బాలికల హాస్టల్లో వంటమనిషిగా ప్రభుత్వోద్యోగం వచ్చింది. గురువారం సాయంత్రం అయిదింటిలోగా చేరాలి, చేరకపోతే జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది. ఆ కాగితం ఆమె ఊళ్ళో అందరికీ చూపించింది గనక తవిటినాయుడికీ తెలుసు. మెరకవలసకి రైలు తప్ప దిక్కులేదు. ఏటిమీద రోడ్డువంతెనకి నాలుగుసార్లు శంకుస్థాపన జరిగింది గానీ అయిదోదానికి ఇంకా ముహూర్తం కుదరలేదు.

ఆయన ఒంటికంటి అద్దంలోంచి నవ్వి, దూరం టిక్కెట్టిచ్చాడు. మర్నాడు పొద్దున ఆమె సంచి నిండా ఉప్పుతో తిరిగొచ్చింది.

"ఏటి బాబూ ఇది! శుభం అని రాసుంటే దిగినాను. చుట్టూ ఉప్పే!"

"ఇంకోసారి చూడమ్మా," అన్నాడు. మంగళవారం మళ్ళీ వెళ్ళింది. బుధవారం మళ్ళీ ఉప్పుతో వచ్చింది.

"మా ఇంట్లోన ఆర్నెల్లకి సరిపడా ఉప్పు చేరిపోనాది. ఉద్యోగం మట్టుకు చేరలేదు," అంది. నవ్వబోయి నవ్వలేకపోయింది. తవిటినాయుడికి ఆ పూట అన్నం సహించలేదు.

బుధవారం బండి కదల్లేదు. ఆరోజు దేశమంతటా పండగ. మండలి లెక్కలు తీస్తే, మూడో ఉత్తర్వు తర్వాత దేశంలో ఒక్క బండి కూడా ఆలస్యంగా రాలేదని తేలింది. చేరవలసిన చోటంటూ లేని బండి ఆలస్యం కావడానికి వీల్లేదు గదా! నూటికి నూరుపాళ్ళు సమయపాలన. చక్రధరం గారు లడ్డూల బుట్టతో దిగి, ఇంజనుకి దండేసి, "ఈ ఘనత ప్రపంచంలో మరే రైల్వేకీ దక్కలేదు. విదేశీ ప్రతినిధివర్గాలు మన దగ్గర నేర్చుకొనుటకై బయల్దేరినవి. అయితే ఇంకా చేరలేదు," అని ఉపన్యసించాడు.

గురువారం పదకొండింటికి రత్నాలు మళ్ళీ కిటికీ ముందు నిలబడింది. చేతిలో సంచీ, సంచిలో ఉద్యోగం కాగితం, హాస్టల్లో మొదటిరోజు పిల్లలకి గారెలు వండాలని తెచ్చుకున్న నూనెసీసా.

"దూరమా?" అన్నాడు తవిటినాయుడు.

ఆమె తల ఊపలేదు. చప్పుడు చెయ్యకుండా ఏడుస్తోంది.

తవిటినాయుడు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, స్టేషనంతా దద్దరిల్లేలా అరిచాడు:

"ఎక్కడికమ్మా?"

కామేశం గారి చేతిలో పచ్చజెండా జారిపోయింది. చక్రధరం గారి నోట్లో నిన్నటి లడ్డూ సగంలో ఆగింది.

"మెరకవలస బాబూ!" అని అంతకంటే గట్టిగా అరిచింది రత్నాలు.

అంతే, గట్టు తెగింది. వరసలో నిలబడ్డ నలభైమందీ ఒక్కసారిగా ఊళ్ళపేర్లు అందుకున్నారు. ఒకాయన ఊరిపేరుతోపాటు వీధిపేరూ చెప్పాడు. మరొకాయన ఎక్కడికీ వెళ్ళనివాడు, పేపరు చదువుకోవడానికి వచ్చినవాడు, అయినా ఊరుకోలేక తనకి తెలిసిన ఊళ్ళన్నీ చెప్పాడు.

తవిటినాయుడు డ్యూటీలో ఉండగా కిటికీ మూసెయ్యడం ఇరవై తొమ్మిదేళ్ళలో అదే మొదలు. తిన్నగా ఇంజను దగ్గరికెళ్ళి డ్రైవరు వంక తలెత్తి చూశాడు.

"జాకబూ, ఎక్కడికి?"

జాకబు ఇంజన్లోంచి కిందికి వంగాడు. "నాలుగు నెల్లైంది నాయుడూ, నన్నెవరైనా ఆ మాటడిగి. రోజూ ఉప్పు చూసి చూసి బీపీ వచ్చీసింది. నువ్వే చెప్పు, ఎక్కడికి?"

"మెరకవలస. అయిదింటిలోపల."

తవిటినాయుడూ ఇంజనెక్కాడు. లింగాల క్యాబిన్ దగ్గర బండి ఆపారు. క్యాబిన్ మనిషి బీడీ పారేసి, "ఆ లీవరు కదల్దండి, కప్పు కారి నాలుగు నెల్లు వానకి తడిసింది," అన్నాడు. ఇద్దరు లాగారు, కదల్లేదు. పదిమంది తాడు కట్టి లాగారు, తాడు తెగి పదిమందీ ఒకరిమీద ఒకరు పడ్డారు. అప్పుడు రత్నాలు అందర్నీ పక్కకి తప్పుకోమని, సంచిలోంచి సీసా తీసి, గారెల నూనె మొత్తం లీవరు మొదట్లో పోసింది. అయిదు నిమిషాలు నానబెట్టి, చెంగు చుట్టి తనే పట్టుకుంది. మిగతావాళ్ళు ఆమె వెనకాల పట్టారు. లీవరు కిర్రుమని, ఇంకోసారి కిర్రుమని, వంగింది. జనం వేసిన కేకలకి పొలాల్లో కొంగలు లేచిపోయాయి. తొమ్మిదేళ్ళ అర్జీలకి కదలనిది అరలీటరు నూనెకి కదిలింది.

జాకబు ఆరోజు వంతెనల దగ్గర దిగి దండం పెట్టలేదు, కూర్చునే పెట్టాడు. నాలుగూ ముప్పై నాలుక్కి మెరకవలస చేరారు. రత్నాలు పరిగెత్తింది. పావుతక్కువ అయిదుకి హాస్టల్ రిజిస్టర్లో సంతకం పెట్టింది. గేటు బయట నిలబడి అది చూసిన తవిటినాయుడు, తన ఉద్యోగం ఊడినా ఫరవాలేదనుకున్నాడు. అంత తృప్తి ఆయనకి ఏనాడూ కలగలేదు.

విచారణకి పరబ్రహ్మం గారే స్వయంగా మరో ఇద్దరు సభ్యులతో వచ్చారు. నిందితుణ్ణి రాజధానికి రప్పిద్దామంటే ఏ బండి ఎక్కించినా ఉప్పుగల్లు చేరతాడు గనక, అధికారులే గొల్లమెట్ట రోడ్డులో దిగి, వెయిటింగు రూములో కొలువుతీరారు.

"మీ మీద రెండు అభియోగాలు," అన్నాడు పరబ్రహ్మం. "ఒకటి, గమ్యప్రశ్న. రెండవది అంతకంటే దారుణం. మీరు బండికి గమ్యము కల్పించారు. గమ్యము కల్పించినందున ఆ బండికి పాత టైంటేబుల్ వర్తించినది. దాని ప్రకారము మెరకవలస నాలుగూ ముప్పైకి చేరాలి. మీరెప్పుడు చేరారు?"

"నాలుగూ ముప్పై నాలుక్కండి."

"నాలుగు నిమిషాలు! మూడో ఉత్తర్వు తర్వాత దేశం మొత్తం మీద ఆలస్యంగా నడిచిన బండి అదొక్కటే! నూటికి నూరుపాళ్ళ రికార్డు మీవల్ల మట్టిగొట్టుకుపోయినది. ఏమంటారు?"

"ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిందండి," అన్నాడు తవిటినాయుడు.

"అది మా పరిధిలోకి రాదు. మిమ్మల్ని తక్షణం బదిలీ చేయడమైనది."

"చిత్తం. ఎక్కడికండీ?"

ముగ్గురు సభ్యులూ ఒక్కసారే చెవులు మూసుకున్నారు. కాసేపటికి ఒకాయన చేతులు తీసి, చెప్పబోయి, ఊరిపేరు ఉచ్చరిస్తే తానూ నేరస్థుడవుతానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. మరొకాయన రాసిద్దామన్నాడు. రాయడం కూడా నిషిద్ధమని పరబ్రహ్మం గారే గుర్తుచేశారు, ఆ ఉత్తర్వు రాసింది ఆయనే గదా. విచారణ వాయిదా వేసి ముగ్గురూ రాజధానికి బండెక్కారు.

మర్నాడు పొద్దున ముగ్గురూ ఉప్పుతో దిగారు. ఆ పూటే మళ్ళీ ఎక్కారు. ఆ మర్నాడూ ఉప్పుతోనే దిగారు. అప్పటికి మిగతా ఇద్దరూ బల్లమీద వెల్లకిలా పడుకుని ఎవరు పలకరించినా పలకడం మానేశారు.

పరబ్రహ్మం గారొక్కరే కాళ్ళీడ్చుకుంటూ కిటికీ దగ్గరికొచ్చారు. బట్టలు ఉప్పుతో తెల్లగా చారలు కట్టాయి.

"దూరమా?" అని నవ్వాడు తవిటినాయుడు.

ఆయన అటూ ఇటూ చూశాడు. చక్రధరం స్తంభం చాటున లేడని రూఢి చేసుకుని, కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"నాయుడూ, నన్నొక్కసారి అడగవయ్యా."

"ఏమనండీ?"

"ఆ మాటే. నేనేమీ అనుకోను. అడుగు."

తవిటినాయుడు కళ్ళద్దాలు తీశాడు. అంత పెద్ద అధికారి మొహంలో నాయనమ్మ చేత చివాట్లు తిన్న మనవడెవడో కనిపించి, ఆయనకి నిజంగానే జాలేసింది.

"ఎక్కడికి బాబూ?"

పరబ్రహ్మం గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రాజధానికయ్యా. ఇంటికి. మా ఆవిడ భోజనానికి చూస్తూంటుంది, నాలుగు రోజుల్నించీ."

తవిటినాయుడు దూరం టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు. దాంతోపాటే బల్లకింద నుంచి సూరీడమ్మ కొబ్బరినూనె సీసా తీసి కిటికీలోంచి అందించాడు.

"లింగాల దగ్గర దిగి లీవరు మీరే లాగాలండి. నడిమిది కాదు, కుడిచేతి వైపుది. బాగా బిగుసుకుపోయుంటాది, కాసేపు నాననియ్యండి."